మైదానమూ మన హక్కే

2006లో సచార్ కమిటీ నివేదిక వెలువడిన నాటి నుంచి మన సభల్లోనూ పత్రికల్లోనూ ఒకే జాబితా వినిపిస్తున్నది: విద్య, ఉద్యోగం, రిజర్వేషన్, బ్యాంకు రుణం, వక్ఫ్ భూమి, ఉర్దూ భాష. ఇందులో ఏ ఒక్కటీ తీసివేయదగినది కాదు. అన్నిటి మీదా మేము ఈ పుటల్లో రాశాము, ఇక ముందూ రాస్తాము. అయితే పిల్లల ఆట ఈ జాబితాలో ఎక్కడా కనిపించదు. ఎన్నికల వేళ మొహల్లాకు వచ్చిన నాయకుణ్ణి మన పెద్దలు షాదీఖానా అడుగుతారు, ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ అడుగుతారు. రెండూ అవసరమే. పెళ్ళికీ మట్టికీ చోటు అడిగిన నోరు ఆ రెంటి నడుమ ఉన్న బాల్యానికి చోటు అడగదు.

ఆట అంటే తీరిక ఉన్నవారి ముచ్చట అని మనలో చాలామంది భావం. చదువులో వెనుకబడిన సమాజానికి ఆట ఒక్కటే తక్కువైందా అని ఎత్తిపొడిచేవారూ ఉన్నారు. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించలేము. పరుగెత్తడం, దూకడం, విసరడం, పట్టుకోవడం కూడా చదువే. అది ఒంటి చదువు. దానికీ ఒక వయసుంది, దానికీ నేర్పేవారు కావాలి, దానికీ చోటు కావాలి. మన బస్తీల పిల్లలకు ఆ చదువు అందడం లేదన్నదే ఈ వ్యాసంలో మా ఫిర్యాదు.

నడక వచ్చిన బిడ్డకు పరుగు వస్తుందని, పరుగు వచ్చిన బిడ్డకు తక్కినవన్నీ వయసుతో పాటే వస్తాయని ఇళ్ళలో అనుకుంటారు. ఇది సగమే నిజం. ఎదుగుదల వల్ల కొంత వస్తుంది. మిగిలినదంతా అక్షరాల మాదిరిగా నేర్చుకుంటేనే వస్తుంది. పిల్లల వికాసాన్ని పరిశీలించే శాస్త్రజ్ఞులు వీటిని మౌలిక చలన నైపుణ్యాలు అంటారు. పరుగు, గెంతు, ఒంటికాలి కుంటు వంటివి ఒంటిని ఒకచోటి నుంచి మరొకచోటికి తీసుకుపోయేవి. విసరడం, పట్టుకోవడం, తన్నడం, బ్యాటుతో కొట్టడం వంటివి వస్తువును అదుపులో ఉంచుకునేవి. ఒంటికాలి మీద నిలబడడం, సన్నని గట్టు మీద నడవడం, ఉన్నపాటున మలుపు తిరగడం ఒంటిని తూకంలో ఉంచుకునేవి. మూడేళ్ళ నుంచి ఎనిమిది తొమ్మిదేళ్ళ దాకా వీటికి అక్షరాభ్యాస కాలం. ఆ తరువాత నేర్చుకోలేరని కాదు. కానీ పదేళ్ళు దాటిన పిల్లవాడు తోటివారి ఎదుట మొదటి పాఠం దిద్దడానికి సిగ్గుపడతాడు.

బంతి విసరడాన్నే తీసుకుందాము. చూడడానికి చేతి పని. నిజానికి అది పాదం నుంచి మొదలవుతుంది. కుడిచేత్తో విసిరే బిడ్డ ఎడమకాలు ముందుకు వేయాలి, నడుము తిప్పాలి, భుజం ఆ వెనుక రావాలి, మోచేయి ఆ తరువాత, చివరన మణికట్టు. బంతి చెయ్యి విడిచాక కూడా చెయ్యి కిందికి సాగాలి. నేర్పని బిడ్డ కాళ్ళు కదపకుండా ఎదురుగా నిలబడి మోచేత్తో మాత్రమే తోస్తాడు. ఆడపిల్లల విసురు బలహీనమని వెక్కిరించేవారు ఈ సంగతి గమనించాలి. వారిలో చాలామందికి ఎవరూ పాదం నుంచి పాఠం చెప్పలేదు. నేర్పిస్తే ఆ విసురు చాలావరకు మారుతుందని వ్యాయామ ఉపాధ్యాయులు ఎరుగుదురు.

చలనానికి, నైపుణ్యానికి, దేహదారుఢ్యానికి మధ్య ఉన్న సంబంధం ఒక వైపు మాత్రమే నడిచేది కాదు. ఆడితే నైపుణ్యం వస్తుంది. నైపుణ్యం ఉంటే ఇంకా ఆడాలనిపిస్తుంది. ఆడుతూ ఉంటే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు, ఎముకలు బలపడతాయి. ఆ బలం మరికొంతసేపు ఆడనిస్తుంది. డేవిడ్ స్టాడెన్ అనే అమెరికా పరిశోధకుడు, ఆయన సహచరులు 2008లో ఈ చక్రాన్ని వివరంగా ప్రతిపాదించారు. వారు చెప్పినదానిలో మనకు అన్నిటికంటె ముఖ్యమైనది వయసు సంగతి. చిన్నతనంలో ఆడడం వల్ల నైపుణ్యం పెరుగుతుంది. పెద్దవుతున్న కొద్దీ నైపుణ్యం ఉన్నవారే ఆటలో మిగులుతారు. నాలుగేళ్ళ బిడ్డకు బంతి పట్టుకోవడం రాకపోయినా వచ్చుననే అనుకుంటుంది. ఏడెనిమిదేళ్ళకు పోలిక మొదలవుతుంది. జట్లు పంచుకునేటప్పుడు తనను చివరన తీసుకుంటున్నారని తెలుస్తుంది. అప్పటి నుంచి గోడ పక్కన నిలబడి చూడడం అలవాటవుతుంది. చక్రం అప్పుడు వెనక్కి తిరుగుతుంది: ఆడడు గనుక రాదు, రాదు గనుక ఆడడు, ఆడడు గనుక ఆయాసం, ఆయాసం గనుక మరింత దూరం.

దీనికి ఆధారముంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2000లో ప్రాథమిక పాఠశాల పిల్లల చలన నైపుణ్యాలను కొలిచి, ఆరేడేళ్ళ తరువాత వారిలో కొందరిని మళ్ళీ పరీక్షించారు. చిన్నప్పుడు విసరడం, పట్టుకోవడం, తన్నడం బాగా వచ్చినవారే కౌమారంలో ఎక్కువ దమ్ముతో పరుగెత్తగలిగారు, వ్యాయామంలోనూ ఎక్కువగా పాల్గొన్నారు. అంతకు చాలా ముందే, 1980లో, సీఫెల్ట్ అనే పరిశోధకుడు నైపుణ్యపు అవరోధం అనే భావనను ముందుకు తెచ్చాడు. కొన్ని మౌలిక చలనాలు ఒక స్థాయికి రాకపోతే బిడ్డ ఏ ఆటలోనూ ప్రవేశించలేడన్నది దాని సారం. అక్షరాలు రానివాడు గ్రంథాలయపు తలుపు దగ్గరే ఆగిపోవడం వంటిది అది.

మరొక అపోహను కూడా తొలగించుకోవాలి. మా పిల్లవాడు సన్నగానే ఉన్నాడు గదా, వాడికి వ్యాయామం ఎందుకని తల్లులు అడుగుతారు. సన్నగా ఉండడం దారుఢ్యం కాదు. మన ఉపఖండపు పిల్లలు బక్కగా పుట్టినప్పటికీ ఒంటిలో కొవ్వు పాలు ఎక్కువగా ఉంటుందని పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఆయన బృందం చూపించారు. మధుమేహానికి నేల అక్కడే సిద్ధమవుతుంది. దీనికి తోడు రక్తహీనత. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలలు మొదలు అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తం తక్కువ. నెత్తురు లేని బిడ్డకు పరుగు ఎలా వస్తుంది? కాబట్టి ఆట అడిగేటప్పుడు గుడ్డునూ పాలనూ మరచి అడగడం లేదు. అంగన్‌వాడీ పళ్ళెమూ మైదానమూ ఒకే కోరికలో రెండు భాగాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ వారు రోజుకు సగటున 60 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చే స్థాయిలో ఒళ్ళు కదపాలి. వారంలో కనీసం మూడు రోజులు గట్టి శ్రమ, కండరాలను ఎముకలను బలపరిచే ఆట ఉండాలి. ప్రపంచవ్యాప్తంగా 11 నుంచి 17 ఏళ్ళ వారిలో 81 శాతం మంది ఈ మాత్రం కూడా కదలడం లేదని ఆ సంస్థ పరిశోధకులే 2019లో లెక్క చెప్పారు. అంటే ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఆ మాట ఒప్పుకుంటున్నాము. అయితే అందరికీ వచ్చిన జబ్బు అందరికీ ఒకే తీరున రాదు. బంజారాహిల్స్ పిల్లవాడు ఫోను వల్ల ఆడకపోతే, తండ్రి డబ్బు కట్టి అకాడమీలో చేర్పిస్తాడు, గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌కు పంపిస్తాడు. తలాబ్‌కట్ట పిల్లవాడికి ఫోనూ ఉంది, టర్ఫ్ మాత్రం లేదు.

పాతబస్తీ గల్లీలను చూడండి. హైదరాబాదే కానక్కరలేదు, విజయవాడ వన్‌టౌన్ గాని, కర్నూలు పాతనగరం గాని, ఆదోని గాని తీసుకోండి. ఒకప్పటి వాకిళ్ళు పంచుకుని పంచుకుని రెండు గదులయ్యాయి. ఖాళీ జాగాలో ఫంక్షన్ హాలు లేచింది. గల్లీలో బండ్లు నిలిపారు. మిగిలిన నాలుగడుగుల్లో పిల్లలు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడతారు. బంతి కిటికీకి తగిలితే తిట్లు, ఆటోకు తగిలితే దెబ్బలు. అందుకని బంతిని గట్టిగా కొట్టకూడదన్న నియమం వారే పెట్టుకున్నారు. పూర్తి బలంతో విసరని చెయ్యి, పూర్తి వేగంతో పరుగెత్తని కాలు. వారి నేర్పుకు మెచ్చుకోవలసిందే, కానీ ఆ గల్లీ కొలతే ఆ ఒంటి కొలత కూడా అవుతున్నది.

పూర్వం చోటు తక్కువగా ఉన్నా ఆటలు ఉండేవి. తొక్కుడుబిళ్ళకు పది అడుగుల నేల చాలు. బిళ్ళను గడిలో గురిచూసి వెయ్యాలి, ఒంటికాలిపై గెంతాలి, గీత తొక్కకుండా వంగి తీసుకోవాలి, అదే కాలిపై తిరిగి రావాలి. పైన చెప్పిన మూడు రకాల చలనాలూ ఆ ఒక్క ఆటలో ఉన్నాయి. ఏడుపెంకులాటలో గురి ఉంది, పరుగు ఉంది, బంతిని తప్పించుకునే మలుపు ఉంది. కర్రాబిళ్ళలో కన్నూ చెయ్యీ కలవాలి. తెలంగాణలో చిర్రగోనె అన్నా, మన ఇళ్ళలో గిల్లీదండా అన్నా అదే పాఠం. ఈ ఆటలను ఎవరూ నిషేధించలేదు. వాటిని పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పేవారు. ఆ వరుస తెగిపోయింది, అంతే.

వరుస తెగడానికి ఇరుకు ఒక్కటే కారణం కాదు. భయం కూడా. హైదరాబాద్ పాతనగరంలో కర్ఫ్యూల కాలం చూసిన తల్లులు నేడు నానమ్మలు, అమ్మమ్మలు. మగ్రిబ్ లోపల ఇంట్లో ఉండాలన్న కట్టుబాటు మొదట మర్యాదగా ఉండేది, ఆ తరువాత ప్రాణరక్షణ అయింది. ఇప్పుడు గొడవలు లేని రోజుల్లోనూ ఆ భయం కొనసాగుతున్నది. అందులోనూ కౌమారంలోకి వచ్చిన మన కుర్రవాడు ఇతరుల కాలనీలోని పార్కులోకి వెళ్ళి నలుగురు స్నేహితులతో నిలబడితే ఎవరు, ఎక్కడివారని అడిగే చూపులుంటాయి. ఆ చూపులు తగలకుండా తల్లి అతణ్ణి ఇంట్లోనే కూచోబెడుతుంది. బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆటను, విశ్రాంతిని హక్కుగా చెబుతుంది. భారతదేశం ఆ ఒడంబడికలో చేరిన తేదీ 1992 డిసెంబరు 11. అయోధ్యలో మసీదు కూలిన ఐదవ రోజు అది. ఆ వారం మన పిల్లలకు కొత్తగా ఒక హక్కు వచ్చిందని గమనించే స్థితిలో ఎవరున్నారు?

పనిలో ఉన్న పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మగ్గం పని చట్రం ముందు కూచున్న బాలుడి వేళ్ళను చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. సూది కనపడనంత వేగం. గాజుల బట్టీలో, మెకానిక్ షెడ్డులో పనిచేసేవారి చేతులూ అంతే. వాళ్ళు రోజంతా ఒళ్ళు కదుపుతూనే ఉన్నారు గదా, ఇంకా వ్యాయామం ఏమిటంటారు యజమానులు. వేళ్ళ నేర్పు వేరు, ఒంటి నేర్పు వేరు. ఒకే కదలికను వంగి కూచుని వేలసార్లు చేయడం వల్ల మెడ, వెన్ను అరుగుతాయి, కళ్ళు అలసిపోతాయి. కాళ్ళకు పరుగు తెలియదు, ఊపిరితిత్తులకు గాలి తెలియదు. శ్రమ ఆటకు ప్రత్యామ్నాయం కాదు. ఆట బిడ్డ తన ఇష్టంతో ఆపగలిగేది. పనిని ఆపే అధికారం ఆ బాలుడికి లేదు.

మదర్సాల ప్రస్తావన తెస్తే కొందరు నొచ్చుకోవచ్చు. అయినా తేక తప్పదు. హిఫ్జ్ చేసే బిడ్డ ఏడెనిమిదేళ్ళ వయసులో, సరిగ్గా చలన నైపుణ్యాలు గట్టిపడవలసిన కాలంలో, రోజుకు ఎన్నో గంటలు కూచునే ఉంటాడు. అస్ర్ తరువాత మగ్రిబ్ దాకా ఆటకు విడిచిపెట్టే ఆనవాయితీ చాలా మదర్సాల్లో ఉంది. అది ఎంతో మంచి ఆచారం. దాన్ని శిక్షలో భాగంగా కోసివేయరాదని, ఆ గంటలో నాలుగు బంతులు, రెండు తాళ్ళు, వాటితో ఏమి చేయాలో తెలిసిన ఒక మనిషి ఉండాలని మాత్రమే మా విన్నపం. నమాజే చాలినంత వ్యాయామం అనే వాదన కూడా తరచు వింటున్నాము. నమాజు ఆరాధన. దాన్ని కసరత్తుగా కుదించడం దానికి గౌరవం కాదు. రుకూ, సజ్దాల వల్ల కీళ్ళకు మేలు కలుగుతుందంటే కాదనము. కానీ బిడ్డ గుండె వేగంగా కొట్టుకోవాలంటే వాడు పరుగెత్తాలి.

ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి అన్ని అడ్డంకులూ ఒకచోట చేరతాయి. పది పదకొండేళ్ళు రాగానే గల్లీ మూతపడుతుంది. మేడ మీదికి వెళితే పక్కింటివారి చూపు. బడిలో ఆటల గంట ఉంటే అది మగపిల్లలకు. దీనికి దీన్‌ను అడ్డం పెట్టేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రవక్త ముహమ్మద్ (స) తన భార్య హజ్రత్ ఆయిషాతో పరుగుపందెం వేసిన సంగతి హదీసుల్లో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. ఈద్ నాడు మదీనా మసీదులో హబ్షీలు ఈటెలతో ఆడుతుంటే ఆమెకు చూపించిన సంగతీ ఉంది. కనుక అడ్డం వస్తున్నది మతం కాదు, మన ఇరుకు, మన భయం. దుస్తుల మాట కూడా పాతబడింది. ఫుట్‌బాల్ అంతర్జాతీయ సంస్థ 2014లో, బాస్కెట్‌బాల్ సంస్థ 2017లో తల కప్పుకుని ఆడడాన్ని అంగీకరించాయి. తల కప్పుకున్న పిల్ల ఆడదలిస్తే అడ్డుకునేవారి మీద మనం పోరాడుతున్నాము, సరే. ఆ పిల్లకు ఆడే చోటు మనం ఏర్పాటు చేశామా అన్నది రెండవ ప్రశ్న.

నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. ఆమె బొమ్మను మన సంస్థలన్నీ గోడల మీద పెట్టుకున్నాయి. ఆమె మొదట నేర్చుకున్నది బాక్సింగ్ కాదు, పరుగు. క్రీడాకారుడైన తండ్రి ఆమెను మైదానానికి వెంట తీసుకువెళ్ళాడు. ముందు కాళ్ళు సిద్ధమయ్యాయి, పిడికిలి తరువాత వచ్చింది. మహమ్మద్ సిరాజ్ ఆటోడ్రైవర్ కొడుకు. ఫస్ట్ లాన్సర్ దగ్గరి ఈద్గా మైదానంలో టెన్నిస్ బంతితో ఆడి పెరిగినవాడు. ఏడాదికి రెండుసార్లు నమాజుకు నిండే ఆ నేల మిగిలిన రోజుల్లో పిల్లలకు తెరిచి ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. ఇంకా వెనక్కి వెళితే సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నారు. హైదరాబాదులో బడిపంతులు. 1950 నుంచి 1963లో మరణించేదాకా భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు. ఆయన హయాంలోనే 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణాలు వచ్చాయి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం వచ్చింది. బార్కస్ యువకులు నేటికీ ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకుంటారు. వారసత్వం లేని సమాజం కాదు మనది.

అయితే ఈ పేర్లు చెప్పి మురిసిపోవడంలో ఒక ప్రమాదముంది. చాంపియన్లు కావడానికి ఆట అడగడం లేదు మేము. లక్షమందిలో ఒకరు పతకం తెస్తారు. మిగిలిన వారందరూ మెట్లెక్కితే ఆయాసపడని పెద్దవారు కావాలి. ముప్పై అయిదేళ్ళకే షుగరు మాత్రలు మింగని తండ్రులు, మోకాళ్ళు పట్టుకుని లేవని తల్లులు కావాలి.

ఇక బడి, చట్టం. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రతి పాఠశాలకు ఆటస్థలం ఉండాలన్నది. ప్రతి తరగతికి ఆట సామగ్రి ఇవ్వాలన్నది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు పైగా పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలన్నది. గమనించండి, వ్యాయామ బోధకుడు ఆరవ తరగతి నుంచే. చలన నైపుణ్యాలు నాటుకోవలసిన ఒకటి నుంచి అయిదు తరగతులకు చట్టమే మనిషిని ఇవ్వలేదు. విత్తే కాలం దాటాక రైతును పంపినట్టుంది ఈ ఏర్పాటు. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు క్రీడల పద్దులో వచ్చేది ఏడాదికి 5,000 రూపాయలు. దానితో కొన్న బంతులు బీరువాలో భద్రంగా ఉండడం మనలో చాలామంది చూసినదే. పోతే లెక్క చెప్పాలి గనుక ప్రధానోపాధ్యాయుడు తాళం తీయడు.

న్యాయస్థానాలు ఈ విషయంలో చట్టసభల కంటే గట్టిగా మాట్లాడాయి. ఆటస్థలం లేని పాఠశాల ఉండరాదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు హర్యానాకు చెందిన ఒక కేసులో చెప్పి, బడి మైదానానికి ఉద్దేశించిన భూమిలోని ఆక్రమణలను తొలగించమన్నది. నిబంధనల ప్రకారం ఆటస్థలం లేని పాఠశాలలను మూసివేయడానికైనా వెనుకాడరాదని 2024 ఏప్రిల్‌లో కేరళ హైకోర్టు ప్రభుత్వానికి చెప్పింది.

మన సంస్థల స్థితి ఇక్కడ ప్రత్యేకమైనది. 2012 సవరణ మదర్సాలకు, వేదపాఠశాలలకు విద్యాహక్కు చట్టం వర్తించదన్నది. 2014లో ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ పాఠశాలలన్నిటినీ చట్టం నుంచి మినహాయించింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకే చెందిన ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు మీద సందేహం వెలిబుచ్చి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది. 30వ అధికరణాన్ని కాపాడుకోవాలన్న విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. మన సంస్థలను మనం నడుపుకునే హక్కు మీద ఎవరు చెయ్యి వేసినా ఎదిరించవలసిందే. కానీ రెండువందల గజాల ఇంట్లో నాలుగంతస్తులు లేపి, మేడ మీద రేకుల షెడ్డు వేసి, ఎనిమిది వందల మంది పిల్లలను కూర్చి, ఆటస్థలం ఏదని అడిగిన తల్లిదండ్రులకు మాది మైనారిటీ సంస్థ అని జవాబు చెప్పే యాజమాన్యం ఆ అధికరణాన్ని కాపాడడం లేదు, తన గోడకు ఆనిస్తున్నది. చట్టం అడగకపోతే మనమే అడగాలి. చట్టం పెట్టని నియమాన్ని మనమే పెట్టుకుంటే, రేపు కోర్టులో మినహాయింపు కోసం వాదించే న్యాయవాదికి కూడా అది బలం.

తెలంగాణలో 2016లో మైనారిటీ గురుకులాలు మొదలైనప్పుడు వాటిలో ఎక్కువ భాగం అద్దె భవనాల్లోకి వెళ్ళాయి. 204కు చేరిన ఆ పాఠశాలలు మన పిల్లలకు చేసిన మేలు తక్కువది కాదు, ముఖ్యంగా ఆడపిల్లలకు. ఇంట్లో పదేళ్ళకే ఆగిపోయిన పరుగు గురుకులంలో కొనసాగే అవకాశం ఉంది. అయితే అద్దె భవనం అంటే సాధారణంగా మైదానం లేని భవనం. సొంత భవనం కడుతున్నామని ప్రకటించిన ప్రతిసారీ ఎన్ని గదులని కాక ఎంత ఖాళీ నేల అని అడగడం మనం అలవాటు చేసుకోవాలి. వక్ఫ్ భూముల్లో సంస్థలకు లీజు ఇచ్చేటప్పుడు కూడా ఇదే ప్రశ్న. దుకాణాల సముదాయం వల్ల అద్దె వస్తుంది, నిజమే. వాకిఫ్ తన నేలను ప్రజల మేలుకు విడిచాడు. పిల్లల ఆరోగ్యం ఆ మేలులోకి రాదా?

మైదానం వచ్చేదాకా చేతులు ముడుచుకోవాలని మా ఉద్దేశం కాదు. మైదానం ఉన్నంత మాత్రాన నైపుణ్యం రాదన్నది పరిశోధనలు పదేపదే చెప్పిన విషయం. ఊరికే వదిలితే బాగా వచ్చినవాడే బంతి దగ్గర ఉంటాడు, రానివాడు గట్టున కూచుంటాడు. కనుక నేర్పే మనిషి కావాలి. ఒక గదిలోనైనా సున్నంతో గీత గీసి దాని మీద నడిపించవచ్చు. పాతగుడ్డ చుట్టి చేసిన బంతిని గోడకు విసిరి పట్టించవచ్చు. గుడ్డబంతి కిటికీ పగలగొట్టదు. తాడాటకు ఆరడుగుల చోటు చాలు. ఖేలో ఇండియా పథకం కింద 5 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు నిర్దేశించిన పరీక్షలు మూడే: ఎత్తు బరువుల నిష్పత్తి, ఒంటికాలిపై నిలబడే తూకం, రెండు వృత్తాలను చేత్తో వేగంగా మార్చి మార్చి తాకడం. వీటికి మైదానం కూడా అక్కరలేదు. ప్రతి జూన్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి ఈ పరీక్ష పెట్టి, ఫలితాన్ని ప్రోగ్రెస్ కార్డులో గణితం పక్కన రాసే మైనారిటీ పాఠశాల ఏదైనా ఉంటే దాని పేరును ఈ పత్రికలో సంతోషంగా ప్రచురిస్తాము. ఒకటో తరగతి పంతులమ్మకు ఈ పాఠం చెప్పించే రెండు రోజుల శిక్షణ ఏ పెద్ద ఖర్చుతోనూ కూడినది కాదు.

ఖర్చు కావలసిన కోరికలు ప్రభుత్వం ముందు పెట్టాలి. ప్రాథమిక తరగతులకూ వ్యాయామ ఉపాధ్యాయులను నియమించాలి. మైదానమున్న ప్రభుత్వ పాఠశాలలను సాయంత్రాలు, ఆదివారాలు బస్తీ పిల్లలకు తెరవాలి, కాపలాకు మనిషిని పెట్టాలి. వారంలో కొన్ని గంటలు ఆడపిల్లలకు మాత్రమే కేటాయించాలి. మున్సిపాలిటీ ఖాళీ స్థలాల్లో మరొక నీళ్ళ ట్యాంకు, మరొక వార్డు కార్యాలయం కట్టేముందు ఆ వార్డులో ఎంతమంది పిల్లలున్నారో లెక్కవేయాలి.

ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలని పాఠకులు అడగవచ్చు. ప్రతి పాఠశాల ఏటా యూడైస్ పత్రంలో తన వివరాలు నింపుతుంది. గదులు, మరుగుదొడ్లు, నీళ్ళతో పాటు ఆటస్థలం ఉన్నదా లేదా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది. మీ పిల్లలు చదివే బడి, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా మనదే అయినా, ఆ గడిలో ఏమి రాసిందో ముందు తెలుసుకోండి. ఆన్‌లైన్‌లో దొరకకపోతే మండల విద్యాధికారికి సమాచార హక్కు చట్టం కింద అయిదు రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. లేదు అని రాసి ఉంటే ఎప్పటికి ఏర్పాటు చేస్తారని అడగండి. ఉంది అని రాసి ఉండి, ఆ చోట ఇప్పుడు గదులో షెడ్డో పార్కింగో కనిపిస్తే, ఆ నకలునూ తేదీ వేసిన ఫొటోనూ జతచేసి జిల్లా విద్యాధికారికి ఒక ప్రతి, మాకు ఒక ప్రతి పంపండి.